ఎండ కాస్తే నెట్టు రాదు

పాడైపోయిన వస్తువు కనపడితే నాకు కాలు నిలవదు. మిక్సీ తిరగకపోతే ఇంట్లో అందరికీ పచ్చడి బెంగ, నాకు మాత్రం పండగ. స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నానంటే ఆకలి కూడా గుర్తుండదు. నేను బాగు చేసినవాటికంటే పూర్తిగా పాడు చేసినవే ఎక్కువని మా ఆయన అంటాడు. ఆయన సున్నం బట్టీ దగ్గర లారీలు తూకం వేసే మనిషి. ఏది ఎక్కువో ఏది తక్కువో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు గానీ, మిక్సీల సంగతి ఆయనకేం తెలుసు.

అలాంటి నాకు నలభై ఏళ్లు దగ్గరపడుతుండగా మొదటి ఉద్యోగం వచ్చింది. అదీ ఎలాంటి ఉద్యోగం. జనం తమ ఇళ్లలో చెడిపోయిన ఫ్రిజ్‌ల గురించి, వాషింగ్ మెషీన్ల గురించి ఫోన్ చేసి చెబితే విని, ఏం చేయాలో చెప్పే ఉద్యోగం. జీతం ఇచ్చి మరీ ఆడుకోమన్నట్టు అనిపించింది నాకు. కంపెనీ హైదరాబాదులో ఉంటుంది. నేను ఉండేది పిడుగురాళ్లలో, మా ఇంటి వెనక గదిలో. మా పిల్లవాడు ఇంటర్‌కి హాస్టల్లో చేరాక ఆ గది ఖాళీ అయింది. అక్కడ ఒక టేబులు, కంపెనీవాళ్లు పంపిన లాప్‌టాప్, తలకు తగిలించుకునే హెడ్‌ఫోను, అంతే నా సామ్రాజ్యం. ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదుగానే వస్తాయి. కాబట్టి నేను ఆఫీసు గడప తొక్కకపోయినా ఫరవాలేదు గానీ, నెట్టు మాత్రం ఆగకూడదు. మొదటి మూడు నెలలు ట్రైనింగ్. అది దాటితే ఉద్యోగం ఖాయం. వాళ్లకు నచ్చకపోతే ఒక నమస్కారం పెట్టి పంపేస్తారు.

చేరిన కొత్తలో ఒకావిడ ఫోన్ చేసి, వాళ్ల వాషింగ్ మెషీన్ తిరుగుతూ తిరుగుతూ నడుచుకుంటూ బాత్రూం గుమ్మం దాకా వచ్చేసిందని చెప్పింది. పాపం నిజంగానే భయపడిపోయింది. కింద నాలుగు కాళ్లలో ఏదో ఒకటి పైకి లేచి ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పి నేలకు ఆనేలా చేయమన్నాను. కాసేపు ఏవో చప్పుళ్లు. తర్వాత, "ఆగిందమ్మా, కుదురుగా నిలబడింది" అంది. ఆ రోజంతా నేను నేల మీద లేను. ఇల్లు దాటకుండా ఎక్కడో ఉన్న ఇంట్లో ఒక మెషీన్ని నిలబెట్టాను. ఇంతకాలం ఈ ఇంట్లో నాకు వంట వచ్చని, లెక్కలు వచ్చని అందరికీ తెలుసు. బయటివాళ్లు నన్ను నమ్మి, ఏం చేయమంటావమ్మా అని అడగడం మాత్రం అదే మొదటిసారి.

మూడో నెల నడుస్తుండగా మా ఆడపడుచు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నల్లని జుట్టు, మా ఆయన ముక్కు. ఇల్లంతా సాంబ్రాణి పొగ, నువ్వుల నూనె వాసన. ఆస్పత్రి నుంచి పిల్లను ఇంటికి తీసుకొచ్చిన కొద్ది రోజులకే మా నెట్టుకు జబ్బు చేసింది.

పొద్దున్నే బాగానే ఉండేది. ఎండ ముదిరేసరికి నీరసించిపోయేది. ఫోన్లో నా మాట నాకు బాగానే వినిపించేది గానీ, అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళ్లేది. "ఏందమ్మా, బావిలో నుంచి మాట్లాడతన్నావా?" అని ఒకాయన అడిగాడు. ఇంకో పెద్దాయన మరీ ఓపిగ్గా, "ముందు నీ ఫోను బాగు చేయించుకో తల్లీ, నా ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దువుగాని" అని పెట్టేశాడు. ఊళ్లో అందరి మెషీన్లకూ మందు చెప్పేదాన్ని, నా ఇంట్లో నెట్టు డబ్బాకు చెప్పలేకపోవడం నాకు తలకొట్టేసినట్టయింది.

మా సూపర్‌వైజర్ మేడమ్ మంచి మనిషి. మంచి మనిషి కాబట్టే ఆవిడ మాట ఎక్కువ గుచ్చుకుంది. "మీరు బాగా చెబుతారు. కానీ వాయిస్ కట్ అవుతోందని కంప్లైంట్లు వస్తున్నాయి. వచ్చే సోమవారం పది నుంచి రెండు దాకా మీ కాల్స్ నేనే లైవ్‌లో వింటాను. బాగుంటే అప్పుడే కన్ఫర్మ్ చేస్తాను. కట్ అయితే మాత్రం ఇక నా చేతుల్లో ఉండదు" అంది.

ఆ మాట విన్నాక నాకు భయం వేసిన మాట నిజమే. భయం కంటే ఎక్కువగా పంతం వచ్చింది. చేతిలో ఒక చెడిపోయిన వస్తువు ఉంది, దాన్ని పట్టుకోవడానికి వారం గడువుంది. ఒళ్లంతా చురుకు పుట్టింది.

ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. మా అత్తయ్యకు నేను చేసేది ఉద్యోగంలా కనపడేది కాదు. ఉద్యోగమంటే పొద్దున్నే కారియర్ పట్టుకుని బయటికి పోవాలి, సాయంత్రం అలిసిపోయి రావాలి. గదిలో ఫ్యాను కింద కూర్చుని ఫోను మాట్లాడటం ఆవిడ లెక్కలో ఉద్యోగం కాదు. పసిపిల్లను చూడటానికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు కోడలేదని అడగ్గానే ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసేది. "ఏమే, బయట మడుసులొచ్చారు, ఒకసారి కనపడిపో. ఇంట్లోనేగా ఉండేది." నేను హెడ్‌ఫోను చూపించి చేతులు ఊపేదాన్ని. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్లేది. తలుపు గడియ పెట్టుకుంటే కోడలు మొహం చాటేస్తోందని వీధిలో మాట వస్తుందని ఆవిడ బాధ. తలుపు తీస్తే ఉద్యోగం పోతుందని నా బాధ. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు.

సరే, దర్యాప్తు మొదలుపెట్టాను. మా ఊళ్లో ఏది పాడైనా మొదటి ముద్దాయి సున్నం దుమ్మే. బట్టీల మీదుగా గాలి ఇటు తిరిగిందంటే చెట్ల ఆకుల మీద, కిటికీ చువ్వల మీద, తుడిచిన గంటకే మళ్లీ తెల్లటి పూత. రౌటర్ మూత మీది సన్నని సందులన్నీ పూడిపోయి ఉన్నాయి. ఆహా దొరికావు అనుకుని, పెయింటు బ్రష్షు తీసుకుని ఒక్కో సందూ దులిపాను. ఆ సాయంత్రం స్పీడు చూస్తే వందకు వంద. మా ఆయన బట్టీ నుంచి రాగానే చూపించి చాలా పోజు కొట్టాను. మర్నాడు ఎండెక్కేసరికి పోజు దిగిపోయింది. స్పీడు నాలుగు.

తర్వాత డబ్బాను ఫ్రిజ్ పక్క నుంచి తీసి ఎత్తైన అల్మరా మీద పెట్టాను. ఆపి మళ్లీ వెలిగించాను. గుండుసూదితో వెనక చిన్న కన్నంలో నొక్కి, పాత సెట్టింగులన్నీ చెరిపేసి మొదటి నుంచి పెట్టాను. పక్కింటి వైఫైతో కొట్లాడుతోందేమోనని చానెల్ మార్చాను. చేసిన ప్రతిసారీ సాయంత్రానికి గుణం కనిపించేది, ప్రతిసారీ నేను గెలిచాననుకునేదాన్ని, మర్నాడు మళ్లీ మొదటికి వచ్చేది. ఇంత మొండి రోగాన్ని నేనెప్పుడూ చూడలేదు. కోపమూ వచ్చేది, లోపల ఏదో సరదాగానూ ఉండేది.

మా ఆడపడుచు మీద అనుమానం రాలేదని అంటే అబద్ధమే. పిల్లకు పాలిస్తూ, పక్కన ఫోనులో వంటల వీడియోలు పెట్టుకుని చూసేది. ఆమె వచ్చాకే నెట్టు చెడింది. కానీ పుట్టింటికి పురిటికి వచ్చిన పిల్లను ఫోను చూడొద్దని ఎలా చెప్పడం. చెబితే మా అత్తయ్య నాతో మాట్లాడటమే మానేస్తుంది. నేను ఎటూ తేల్చుకోలేక ఆ మంచం చుట్టూ తిరుగుతుంటే ఆమే పట్టేసింది.

"నా ఫోను వల్లేమోనని అనుకుంటన్నావు గదా వదినా?"

"అబ్బే, అదేం లేదు."

"మొహం చూస్తే తెలవదా. ఇదిగో, ఆపేస్తన్నా. ఇప్పుడు చూసుకో."

చూశాను. నాలుగు ఉన్నది నాలుగే ఉంది. ఆమె నిర్దోషి అని తేలిపోయింది. అక్కడితో ఊరుకోకుండా ఆమె నా పార్టీలో చేరిపోయింది. బాలింత మంచం మీద పడుకుని పడుకుని విసుగెత్తిపోయి ఉందేమో, ఈ వేట ఆమెకు మంచి కాలక్షేపం అయింది. ఒళ్లో పిల్ల, చేతిలో ఫోను. గంటకోసారి స్పీడు చూసి గోడ అవతలి నుంచి గట్టిగా చెప్పేది. "వదినా, పన్నెండు." "వదినా, ఐదు." పొద్దున్నే తొంభైలు, మధ్యాహ్నం ఐదూ ఆరూ, సాయంత్రం మళ్లీ తొంభైలు. ఇద్దరం ఎన్నికల లెక్కింపు వినే వాళ్లలా చెవులు రిక్కించుకుని ఉండేవాళ్లం. నా పెళ్లప్పుడు ఆమె హైస్కూలు పిల్ల. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఒక పని చేయడం అదే మొదటిసారేమో.

నెట్టు కుర్రాడికి ఫోన్ చేస్తే, పగలంతా స్తంభాల మీదే ఉంటానని చెప్పి దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది, నెట్టు పరుగులు పెడుతోంది.

"బాగానే ఉందిగా అక్కా."

"ఇప్పుడు బాగుంటది తమ్ముడూ. మజ్జానం వచ్చి చూడు."

"నెట్టుకి పగలేంది, రాత్రేంది అక్కా? లోపల ఉండేది కరెంటు కాదు, వెంట్రుకంత గాజు పోగు. దాంట్లో వెలుగు పోతా ఉంటది. అంతే. మీ డబ్బా పాతబడింది, కొత్తది పెడతా" అని, తన సంచిలో నుంచి ఇంకో రౌటర్ తీసి బిగించి వెళ్లాడు.

గాజు పోగులో వెలుగు అనే మాట నాకు భలే నచ్చింది. ఆ రాత్రి పడుకున్నాక కూడా, మా ఇంట్లోకి ఇంత దూరం నుంచి ఒక వెలుగు పాకుతూ వస్తోందని అనుకుంటే ఏదోలా అనిపించింది. మర్నాడు కొత్త డబ్బా కూడా ఎండెక్కగానే మంచం పట్టింది. వైఫై వదిలేసి, తీగెతో నేరుగా లాప్‌టాప్‌కు కలిపి చూశాను. అప్పుడూ ఐదే. అంటే జబ్బు డబ్బాది కాదు. నాకు ఎంత ఉత్సాహం వచ్చిందో. దొంగ ఇంట్లో లేడు, బయట ఎక్కడో ఉన్నాడు. నెట్టు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాటే చెబితే, మీ వీధిలో ఇంకెవరికీ ఇబ్బంది లేదు మేడమ్ అన్నారు. మా ఇంటికి ఎదురింటివాళ్లదీ అదే కనెక్షను, వాళ్లది చక్కగా నడుస్తోంది.

శనివారం వాన పట్టుకుంది. సన్నని ముసురు, ఆగకుండా. వాన వస్తే అందరికీ నెట్టు పోతుంది కాబట్టి ఆ రోజు నా పని గోవిందా అనుకుని హెడ్‌ఫోను పెట్టుకున్నాను. చిత్రం ఏమిటంటే ఆ రోజంతా నెట్టు అద్దంలా ఉంది. పొద్దున తొంభై ఐదు, మధ్యాహ్నం తొంభై ఐదు. ఎవరూ బావి మాట ఎత్తలేదు. ఒకావిడ, నువ్వు పక్కన కూర్చుని చెప్పినట్టుందమ్మా అని మెచ్చుకుంది కూడా. ఆదివారం కూడా ముసురే, నెట్టూ బాగానే ఉంది. జబ్బు దానంతటదే తగ్గిపోయిందని నేనూ మా ఆడపడుచూ సంబరపడ్డాం. సోమవారానికి ఇక ఢోకా లేదని నేను తల దువ్వుకునే విధానం కూడా ముందే నిర్ణయించుకున్నాను. కెమెరా ఉండదు, వినడమే. అయినా సరే.

సోమవారం తెల్లారేసరికి ఎండ పెళ్లున కాసింది. పెందలాడే వంట ముగించి, తొమ్మిదిన్నరకు గదిలోకి వెళ్లి అన్నీ సర్దుకుని కూర్చున్నాను. గోడ అవతలి నుంచి, "వదినా, తొంభై ఆరు" అని వినిపించింది. నీళ్లు తాగాను. గొంతు సవరించుకున్నాను. కాసేపటికి, "వదినా, అరవై." ఇంకాసేపటికి, "ముప్పై ఒకటి." ఆమె గొంతు మారింది. "పదకొండు. వదినా, ఐదు." హాల్లోకి వచ్చి ఆమె మంచం పక్కన నిలబడ్డాను. ఇద్దరం ఆ ఫోనులోకి చూస్తూ ఉండిపోయాం.

"ఇదేం నెట్టు వదినా. వానలో వచ్చింది, ఎండ కాస్తే రాదు" అంది ఆమె.

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఎక్కడో గట్టిగా తగిలింది. వెలుగుకు ఎండతో పనేముంది. ఎండ వస్తే మారేది ఈ ఇంట్లో ఇంకేదో ఉండాలి. తల తిప్పి హాలు చూశాను. నిన్న, మొన్న ఆ హాల్లో మా తలల మీద తాడు కట్టి పిల్ల బట్టలు ఆరేశారు. పొత్తిగుడ్డలు, చిన్న చిన్న చొక్కాలు, పిల్ల కింద వేసే బొంతలు. వాటి కింద నుంచి వంగి నడిచాం రెండు రోజులూ. ఇప్పుడు తాడు ఖాళీగా ఉంది. మేడ మెట్ల మీద బకెట్టు మోసుకెళ్లిన నీళ్ల చుక్కలు వరసగా ఉన్నాయి.

ఆ మెట్లు నేను ఎలా ఎక్కానో నాకు తెలియదు. చెప్పులు కింద ఒకటి, మధ్యలో ఒకటి వదిలేశాను.

డాబా మీద మా అత్తయ్య నోట్లో రెండు క్లిప్పులు పట్టుకుని బట్టలు ఆరేస్తోంది. మా దండెం మీద కాదు. రోడ్డు మీది స్తంభం నుంచి మా డాబా మీదుగా వచ్చి, పిట్టగోడకు కొట్టిన మేకు దగ్గర మలుపు తిరిగి కిందికి దిగే నల్లటి తీగె ఒకటుంది. అదే మా నెట్టు కేబులు. రెండు రోజుల వాన బట్టలన్నీ మళ్లీ ఒకసారి ఉతికి, దాని మీద బారుగా వేసింది. తడిసిన బొంతల బరువుకు తీగె మోకాళ్ల దాకా జారింది. మేకు దగ్గర అది వేలు మడిచినట్టు మడతపడి ఉంది. ఆ మడతలో గాజు పోగు ఏమవుతుందో, వెలుగు ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనపడింది. పొద్దు గూకకముందే పిల్ల బట్టలు తీసేయాలి కాబట్టి సాయంత్రం తీగె పైకి లేస్తుంది, నెట్టు వస్తుంది, నెట్టు కుర్రాడు వస్తాడు, నేను అబద్ధాలకోరును అవుతాను. అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయి, ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వే వచ్చింది.

"అత్తయ్యా, ఇది నెట్టు తీగె."

"తెలుసు. ఆ పిలగాడు ఏసేటప్పుడే అడిగా, కరెంటు ఉంటదా అని. ఉండదన్నాడు. అందుకే ఏస్తన్నా."

"దండెం ఉందిగా మనకు."

మా అత్తయ్య క్లిప్పులు నోట్లో నుంచి తీసింది. "దండెం మీద మీ అందరి బట్టలూ ఉంటయ్. పురిటి బట్టలు మూడో నెల వచ్చిందాకా ఎవురి బట్టలతో కలవకూడదు. పైగా అటు బట్టీ గాలి, దుమ్ము. ఇటైతే దుమ్ము రాదు, కొత్త తీగె, ఎవురి గుడ్డా తగల్లేదు. ఏం, ఇంత తీగె పిల్ల గుడ్డలు మొయ్యలేదా?"

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కరెంటు ఉందో లేదో కనుక్కుని మరీ వేసింది. నేనైతే అది కూడా అడిగేదాన్ని కాదు.

వాదించడానికి టైము లేదు. పిట్టగోడ మీదికి వంగి, "అమ్మాయ్, స్పీడు చూస్తా చెప్పు" అని కిందికి కేకేశాను. మేకు దగ్గర ఉన్న పెద్ద బొంతను రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. కింద నుంచి, "యాభై" అని వచ్చింది. వదిలేశాను. "ఏడు." మళ్లీ ఎత్తాను. "అరవై రెండు. ఏం చేస్తన్నావు వదినా?"

మా అత్తయ్య నన్ను పక్కకు జరగమంది. తనే ఎత్తింది. "యాభై ఎనిమిది." తనే వదిలింది. "ఎనిమిది." నమ్మకం కుదరలేదేమో, ఇంకోసారి ఎత్తి, కూతురి అంకె విని, ఇంకోసారి వదిలింది. ఆవిడ మొహంలో కనపడింది పశ్చాత్తాపం కాదు. చిన్నపిల్లలు స్విచ్చు వేసి ఆపి వేసి ఆపి చూస్తారే, అచ్చం ఆ సంబరం. నా పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకే వస్తువు చూసి ఒకేసారి ముచ్చటపడింది అప్పుడే.

"ఇన్నాళ్ల నుంచి నీ ఫోను మాటలు మింగింది నేనేనంటావు" అంది.

"మీరు కాదు, బొంతలు."

"నీ పరీచ్ఛ పది గంటలకేగా?"

ఇక ఆవిడ నా జవాబు కోసం చూడలేదు. దండెం దగ్గరికి నడిచి, దాని మీద పొద్దున్నే ఆరేసిన నా చీరలు, మా ఆయన లుంగీలు బరబరా లాగి, తడివి తడిగానే నా భుజాల మీద పడేసింది. కొంగుతో దండెం ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచింది. పిల్ల బట్టలన్నీ కేబులు మీద నుంచి తీసి ఒక్కొక్కటీ అక్కడ పరిచింది. అటు బట్టీల వైపు ఆకాశం అప్పటికే తెల్లగా మసకేసి ఉంది. దుమ్ము పడుతుందేమో అత్తయ్యా అన్నాను. "పడితే మళ్లా ఉతుకుతా. నువ్వు ఇంకా ఈడే ఉన్నావేంది?" అంది. ఖాళీ అయిన కేబులు నెమ్మదిగా పైకి లేచింది. మేకు దగ్గర మడత విప్పి, మా ఆయన లుంగీ ఒకటి చుట్టగా చుట్టి దాని కింద దిండులా పెట్టాను. మెట్లు దిగుతుండగానే, "తొంభై, వదినా, తొంభై" అని ఇంటి లోపలి నుంచి వినిపించింది. ఆ కేకలకు పిల్ల లేచి ఏడుపు అందుకుంది.

పది గంటలకు హెడ్‌ఫోను పెట్టుకున్నాను. చీర భుజం దగ్గర తడిసి ఉంది, ఆయాసం తగ్గలేదు. మేడమ్, రెడీయేనా అని అడిగింది. రెడీ అన్నాను. మొదటి ఫోను ఫ్రిజ్‌లో నీళ్లు కారుతున్నాయని. రెండోది డోరు పట్టడం లేదని. నా మాట తెగలేదు, వాళ్ల మాట తెగలేదు. ఆ రోజు నాలో ఏదో పూనినట్టుంది. వాళ్లు సగం చెప్పేలోపు నాకు మెషీను లోపలంతా కనపడిపోయేది. చెబుతుంటే చెబుతుంటే ఇంకా చెప్పాలనిపించేది. ఇన్నాళ్లూ తెగి తెగి వెళ్లిన నా గొంతు మొత్తంగా ఎవరి ఇంట్లోనో వినపడుతోందనుకుంటే ఆనందం పట్టలేకపోయాను.

ఒంటిగంట దాటాక హాల్లో ఎవరో వచ్చిన అలికిడి అయింది. పక్క వీధిలో ఉండే ఆవిడ, మా అత్తయ్యకు అక్క వరస. పిల్లను చూడటానికి వచ్చింది. పిల్ల ఎవరి పోలికో తేల్చారు, తలకు ఏ నూనె పెడుతున్నారో మాట్లాడుకున్నారు. తర్వాత నేను భయపడుతున్న మాట రానే వచ్చింది.

"మీ కోడలేది చెల్లే, కనపడదే?"

అటు వాషింగ్ మెషీన్ ఆయన నీళ్లు నిలిచిపోతున్నాయని చెబుతున్నాడు. నేను ఆయన మాట వింటూనే తలుపు వైపు చూశాను. గడియ పెట్టలేదు. పొద్దున తడి చీరలు మోసుకుంటూ వచ్చి మరిచిపోయాను. ఇప్పుడు తలుపు తెరుచుకుంటుంది, ఏమే అని పిలుపు వస్తుంది, మేడమ్ వింటుంది, అయిపోతుంది.

"ఆఫీసుకి పోయిందక్కా" అంది మా అత్తయ్య.

"ఆఫీసా? ఏ ఆఫీసు?"

"చానా పెద్ద పనిలే. ఫ్రిజ్జులూ వాషింగ్ మిషన్లూ చెడిపోతే రాష్ట్రం రాష్ట్రమంతా మా కోడల్నే అడుగుతారు. మజ్జలో పిలవగూడదు. రెండింటికి వచ్చిద్ది."

"మరి ఆ గదిలో నుంచి మాటలు వినపడతన్నయ్యే?"

"ఆఫీసన్నాక మాటలు వినపడవా మరి?"

నా చెవి అత్తయ్య మాటల మీదే ఉండిపోయింది. ఫోనులో ఆయన, "అమ్మా, ఉన్నారా లైన్లో?" అని అడిగాడు. ఉన్నానండీ అని, కింద చిన్న మూత ఉంటుంది, దాన్ని ఎడమ వైపుకు తిప్పి లోపల వల తీసి చూడమన్నాను. అందులో ఒక పిల్లల సాక్సు దొరికింది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

రెండింటికి మేడమ్, "కన్ఫర్మ్ చేస్తున్నాను. ఈ రోజు మీరు ఎంత బాగా చెప్పారో మీకు తెలుసా?" అంది. తెలుసు అనబోయి, థాంక్స్ అన్నాను.

హెడ్‌ఫోను తీసి తలుపు తెరిచాను. వచ్చినావిడ ఇంకా అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి, నా వెనక గదిని చూసి, మా అత్తయ్యను చూసింది. మా ఆడపడుచు పిల్ల తల వెనక మొహం దాచుకుని నవ్వాపుకుంటోంది. మా అత్తయ్య మాత్రం విస్తరాకులో వేరుశెనగ ఉండలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు.

"ఉద్యోగం ఖాయం చేశారు అత్తయ్యా" అన్నాను.

"చెయ్యక ఏం చేస్తారు" అంది. అని, బయట నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు నన్ను పాదాల దాకా చూసింది. "వచ్చావుగా, కాళ్లు కడుక్కుని రా. అన్నం పెడతా."

పసిబిడ్డ ఉన్న ఇల్లు. బయటికి వెళ్లి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా లోపల తిరగకూడదు. నేను పెరట్లోకి వెళ్లి, పంపు తిప్పి, రెండు కాళ్లూ శుభ్రంగా కడుక్కుని ఇంట్లోకి వచ్చాను.